చెయ్యి పట్టి దిద్దించడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వస్తే ఒక ఉద్యోగి ఇష్టంగా వాడతాడు, ఇంకొకరు దూరంగా జరుగుతారు. ఎందుకని? దీని మీద మాట్లాడమన్నారు. నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసినవాణ్ణి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు 'కార్డ్' పథకం వచ్చింది. అంతకుముందు ప్రతి దస్తావేజునూ వాల్యూములో చేత్తో నకలు రాసేవాళ్లం. ఈసీ కావాలంటే ఏళ్లనాటి ఇండెక్సు పుస్తకాలు తిరగెయ్యాలి. కార్డ్‌తో స్టాంపు సుంకం లెక్క, దస్తావేజు స్కానింగ్, ఈసీ అన్నీ కంప్యూటర్ మీదికి వచ్చాయి.

నేనప్పుడు పనిచేసే ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన నకలు రాస్తే అచ్చు వేసినట్టుండేది. కానీ మౌస్ పడితే చెయ్యి వణికేది. "మీరు కూసోండి సార్, నేను కొట్టేస్తా" అని ఆయన పని కూడా నేనే చేసేవాణ్ణి. అది సాయమే అనుకున్నాను. రిటైరయిన రోజు దండ వేయించుకుని ఆయన అన్నమాట ఇది: "రెండేండ్ల సంది జీతం తీసుకున్న గని, పని చెయ్యలే నాయనా." ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయి ఎంబీఏ పుస్తకాల్లో ఈ సంగతే సిద్ధాంతంగా కనిపించింది. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికా పరిశోధకుడు 152 మందిని పరిశీలించి రెండు ప్రశ్నలు ముందుపెట్టాడు. ఇది నా పనికి ఉపయోగపడుతుందా? వాడటం సులువేనా? రెండింటిలో ఉపయోగానిదే పైచేయి అని తేల్చాడు. కాస్త కష్టమైనా, లాభం కనిపిస్తే మనిషి నేర్చుకుంటాడు.

మా ఆఫీసుకు ఇది సరిగ్గా సరిపోతుంది. కంప్యూటర్ వల్ల రైతుకు తిరుగుడు తగ్గింది, నాకు నకళ్ల బాధ తప్పింది. పెద్దాయనకు దక్కిందేమిటి? నలుగురిలో ఆయనకు గౌరవం తెచ్చిన చేతిరాతకే పని లేకుండా పోయింది.

2003లో విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్, మరో ఇద్దరు కలిసి, అంతకుముందున్న ఎనిమిది సిద్ధాంతాలను ఒకటిగా కూర్చారు. పనికి లాభం, వాడటంలో సులువు, చుట్టూ ఉన్నవాళ్ల మాట, అవసరానికి అందే సాయం – ఈ నాలుగింటి మీద వాడకం ఆధారపడుతుందన్నారు. అందరికీ ఇవి ఒకే తూకంలో ఉండవనీ చెప్పారు. కుర్రవాళ్లకు లాభం ముఖ్యమైతే, వయసు మీరినవాళ్లకు సులువు, పక్కవాళ్ల మాట, అందే సాయం ఎక్కువ ముఖ్యం. పెద్దాయనకు కావలసింది పక్కన కూర్చుని నేర్పేవాడు. నేనేమో ఆయన కుర్చీలోనే కూర్చున్నాను.

ఇప్పుడు చాలాచోట్ల వాడాలా వద్దా అన్న ఎంపికే ఉద్యోగికి లేదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులకు మారింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఉత్తర్వు వస్తే అందరూ లాగిన్ అవుతారు. కానీ లాగిన్ల లెక్క వేరు, ఒప్పుకోలు వేరు. యంత్రంలో ఎక్కించినదాన్నే భయంతో మళ్లీ నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడంటే, ఆ ఉద్యోగి దాన్ని ఇంకా నమ్మలేదన్నట్టే.

ఈ సభలో అధికారులున్నారు, కంపెనీలు నడిపేవాళ్లున్నారు, రోజుకో యాప్‌తో కుస్తీ పట్టే ఉపాధ్యాయులున్నారు. నా విన్నపం ఒక్కటే. కొత్తది తెచ్చేముందు "దీనివల్ల నీకేం మేలు? ఎక్కడ ఇబ్బంది? ఆగిపోతే ఎవర్ని పిలుస్తావు?" అని పనిచేసేవాణ్ణే అడగండి. తడబడేవాళ్ల పని లాక్కోకండి.

మన గురువులు మనకు అక్షరాలు ఎట్లా నేర్పారో గుర్తుచేసుకోండి. పలక మీద మన చెయ్యి పట్టుకుని దిద్దించారు. మన బదులు వాళ్లు రాసిపెట్టలేదు. ఇక్కడ నేర్చుకున్న ఆ పాఠాన్ని ఆ పెద్దాయన దగ్గర నేను మరిచాను. మీరు మరవకండి.