గురి దూరం పెరిగినప్పుడు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను వేట ఆయుధాల గురించి మాట్లాడమన్నారు. విల్లంబుల గురించి, ఉచ్చుల గురించి నాకంటె ఇక్కడ కూర్చున్న పెద్దలకే ఎక్కువ తెలుసు. అందుకని సముద్రాల అవతల, అమెరికా మైదానాల్లో మనలాంటి ఆదివాసీలకు జరిగిన ఒక సంగతి చెబుతాను. అందులో ఒక తుపాకి ఉంది, దాని గురి ఉంది, ఒక ఒప్పంద పత్రం కూడా ఉంది.

ముందు తుపాకి. దాని పేరు షార్ప్స్ రైఫిల్. 1848లో క్రిస్టియన్ షార్ప్స్ అనే ఆయన దీని నమూనాకు పేటెంటు తీసుకున్నాడు. ఇది ఒక్క తూటా తుపాకి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప పిడిని కిందికి లాగితే, గొట్టం వెనుక ఉన్న ఉక్కు దిమ్మ కిందికి జారుతుంది. అక్కడ తూటా పెట్టి పిడిని పైకి నొక్కితే దిమ్మ మళ్ళీ మూసుకుంటుంది. పేల్చాలి, మళ్ళీ తెరవాలి, మళ్ళీ ఒక తూటా పెట్టాలి.

అప్పటికే వరసగా పది పదిహేను తూటాలు పేల్చే వించెస్టర్ తుపాకులు వచ్చాయి. మరి ఒక్క తూటా దాన్ని ఎందుకు కొన్నారు? ఆ ఉక్కు దిమ్మ బలం వల్ల. వరస తుపాకులు తట్టుకోలేని పెద్ద తూటాను ఇది తట్టుకుంటుంది. దాదాపు 30 గ్రాముల సీసపు గుండును చాలా దూరం కొడుతుంది.

ఇక గురి. మామూలు తుపాకికి గొట్టం చివర ఒక చిన్న మొన, వెనుక ఒక గాడి ఉంటాయి. గాడిలో మొన కనబడేలా చూసి కొడతాం. దగ్గరికి అది చాలు. కానీ సీసపు గుండు బరువైనది, వేగం తక్కువ. వెయ్యి గజాలు పోయేసరికి తాటిచెట్టు ఎత్తుకంటె ఎక్కువే కిందికి జారిపోతుంది. అంచేత గొట్టాన్ని ఆకాశంవైపు ఎత్తి కొట్టాలి. ఎంత ఎత్తాలో చెప్పేదే వెనుక గురి. నిచ్చెనలాగా గీతలున్న రేకు పైకి లేస్తుంది, దానిమీద చిన్న పలక జరుగుతుంది. ఇంకా ఖరీదైన రకంలో, చెంప ఆనించే చోటికి దగ్గర్లో మడత రేకు, సన్నని కంత, దాన్ని వెంట్రుకవాసి పైకీ కిందికీ జరిపే మర ఉంటాయి. ముందువైపు గుండ్రని గొట్టంలో సన్నని సూది, దాని దగ్గరే తుపాకి పక్కకు ఒరగకుండా చూసుకోడానికి తాపీమేస్త్రి రసమట్టంలాంటి చిన్న బుడగ గాజు. కొందరు తుపాకి పొడవునా దుర్భిణీ గొట్టం కూడా బిగించుకునేవారు.

ఇప్పుడు ఆ మైదానాలకు పోదాం. అక్కడ బైసన్ అనే జంతువు ఉంది. మన పాపికొండల్లో తిరిగే అడవిదున్నకు దూరపు చుట్టం. కొమాంచీ, కియోవా, షాయెన్, లకోటా వంటి తెగలకు అది తిండి, గుడారం, కప్పుకునే దుప్పటి, దేవుడి పాట. ఆ మందలు కోట్లలో ఉండేవి. ఈటెతో, బాణంతో, తర్వాత గుర్రం ఎక్కి వేల ఏళ్ళు వేటాడినా అవి తరగలేదు. విల్లు పట్టినవాడు జంతువు పక్కకు రావాలి. దాని కొమ్ముకూ తన డొక్కకూ మధ్య బారెడు దూరమే. చంపింది మోసుకుపోవాలి, పంచుకోవాలి. మన ఇటుకల పండుగ వేట గురించి పెద్దలు చెప్పే మాటలే ఇవి.

1871 ప్రాంతంలో బైసన్ తోలును యంత్రాల బెల్టులకు పనికొచ్చేలా పదును చేసే పద్ధతి తోలు కార్ఖానాలకు దొరికింది. 1872లో రైలు డాడ్జ్ సిటీ దాకా వచ్చింది. తోలుకు ధర, మోయడానికి రైలు. ఇక షార్ప్స్ తుపాకులు పట్టుకుని వేటగాళ్ళు దిగారు.

వాళ్ళ పద్ధతి వినండి. రెండు మూడు వందల గజాల దూరంలో, గాలి తమవైపు వీచేచోట కూర్చుంటారు. రెండు కర్రలు కత్తెరలా నాటి గొట్టం ఆనిస్తారు. మందను నడిపే పెద్ద ఆవును ఊపిరితిత్తుల్లో కొడతారు. అది పరుగెత్తదు, నిలబడి కూలుతుంది. దారి చూపేది పడిపోయాక మిగతావి ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరుగుతాయి. కదలబోయినదాన్ని మళ్ళీ కొడతారు. ఒక్కచోట కూర్చుని పదులకొద్దీ చంపేవారు. తోలు వొలిచి, కొన్నిసార్లు నాలుక కోసుకుని, మాంసం ఎండకు వదిలేసేవారు. ఒక్క తూటా తుపాకి అంటే నెమ్మదైన వేట అనుకుంటాం. మందను ఖాళీ చేసింది ఆ ఒక్క తూటాయే.

ఇప్పుడు పత్రం సంగతి. 1867లో మెడిసిన్ లాడ్జ్ దగ్గర అమెరికా ప్రభుత్వం దక్షిణ మైదానాల తెగలతో ఒప్పందాలు చేసుకుంది. ఆర్కాన్సా నదికి దక్షిణాన వేటాడుకునే హక్కు తెగలకు ఉంచింది. దానికి ఒక షరతు పెట్టింది: వేటకు తగినన్ని బైసన్‌లు అక్కడ ఉన్నంతవరకే. విద్యార్థులారా, ఈ షరతు మళ్ళీ ఒకసారి మనసులో చదువుకోండి. జంతువు పోతే హక్కు పోతుంది. మరి జంతువును చంపడానికి నది దాటి వచ్చిన తోలు వేటగాళ్ళను సైన్యం ఆపలేదు.

1874 జూన్ 27న క్వానా పార్కర్ వంటి నాయకుల వెంట కొమాంచీ, కియోవా, షాయెన్ వీరులు టెక్సస్‌లోని అడోబీ వాల్స్ అనే వేటగాళ్ళ స్థావరంమీద దాడి చేశారు. లోపల ముప్పైమంది కూడా లేరు, కానీ వాళ్ళ చేతుల్లో దూరపు తుపాకులున్నాయి. దాడి విరిగింది. మూడోరోజు బిల్లీ డిక్సన్ అనే వేటగాడు అరువు తెచ్చుకున్న షార్ప్స్‌తో గుట్టమీద గుర్రం ఎక్కి ఉన్న ఒక వీరుణ్ణి పడగొట్టాడు. తర్వాత కొలిస్తే ఆ దూరం 1,538 గజాలన్నారు. అది అదృష్టం కొద్దీ తగిలిన దెబ్బ అని డిక్సనే ఒప్పుకున్నాడు.

అదే ఏడాది సెప్టెంబర్ 26న న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా, ఐర్లాండ్ జట్లకు వెయ్యి గజాల దాకా గురి పోటీ జరిగింది. ఒక్క తూటా రైఫిళ్ళతోనే, ఆ మర గురులతోనే. అమెరికా 934, ఐర్లాండ్ 931. జనం చప్పట్లు కొట్టారు. రెండు రోజుల తర్వాత, సెప్టెంబర్ 28న, టెక్సస్‌లోని పాలో డ్యూరో లోయలో సైన్యం తెగల గుడారాలను తగలబెట్టింది, ఆ తర్వాత వెయ్యికి పైగా గుర్రాలను కాల్చి చంపింది. మరుసటి ఏడాది జూన్‌లో క్వానా తనవాళ్ళతో లొంగిపోయాడు. 1889 నాటికి ఉత్తర అమెరికా మొత్తంమీద బైసన్‌లు సుమారు వెయ్యి మిగిలాయని లెక్క తేల్చారు.

ఈ కథ ఇక్కడ ఎందుకంటే, అడవిలో జంతువులు తగ్గాయంటే మొదటి వేలు మనవైపే చూపిస్తారు. మనదేశంలోనూ దొరలు, జమీందార్లు, నవాబులు రైఫిళ్ళతో పులులను కొట్టి వాటిమీద కాలుపెట్టి ఫోటోలు దిగారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేటను హక్కుల్లో చేర్చలేదు. నేను ఆ వేటను తిరిగి ఇమ్మని అడగడం లేదు, జంతువులు బతకాలి. అడవి ఖాళీ అయిన లెక్క మాత్రం సరిగ్గా రాయమంటున్నాను. ఆకలికి వేసిన బాణాన్నీ, బజారు ధరకు పేల్చిన తూటానూ ఒకే పద్దులో రాయకూడదు. మన చేతికి వచ్చే ప్రతి కాగితంలో హక్కు కింద ఏ షరతు ఉందో మన పిల్లలే చదివి చెప్పాలి.

ఆ కథ చావుతోనే ఆగిపోలేదు. 1907లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాల నుంచి 15 బైసన్‌లు రైల్లో ఓక్లహోమా వచ్చాయి. వాటిని చూడడానికి వచ్చిన కొమాంచీలలో ముసలి క్వానా కూడా ఉన్నాడు. ఇప్పుడు 80కి పైగా తెగలు ఒక మండలిగా కలిసి తమ నేలమీద మళ్ళీ మందలు పెంచుకుంటున్నాయి. అవి ఎలా నిలిచాయో మనవాళ్ళు వెళ్ళి చూడాలి, వాళ్ళు వచ్చి మన కొండలు చూడాలి.