అద్దె ఇంటి గుమ్మం ముందు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుండి చదువుకో, కొలువుకో హైదరాబాదు వెళ్లిన మన పిల్లలకు అద్దె ఒక్కటే భారం కాదు. పేరు చెప్పగానే మూతపడే తలుపు మరో భారం. ఈ ఇబ్బందిని సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. కొన్ని బస్తీలకే పరిమితమైనవారు అక్కడ అడిగినంత అద్దెకు తలవంచవలసి వస్తుంది.

రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, రహదారుల విషయంలో మతవివక్షను నిషేధించింది. అద్దె ఇంటి ఊసు అందులో లేదు. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం ఇళ్ల అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది గాని, ఈ లోటును పూడ్చలేదు. దీన్ని పూడ్చే చట్టం కోసం మూడు జిల్లాలవారమూ కలిసి మన శాసనసభ్యులను అడుగుదాం.

అంతవరకు, నగరంలో ఇల్లున్నవారు ఊరి పిల్లలకు న్యాయమైన అద్దెకు ఒక గది ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మతం అడగకండి. మనం కోరే న్యాయం మన గుమ్మం నుండే మొదలుకావాలి.