కాటా చీటీ చెప్పే ఇంగ్లిషు

ఇంగ్లిషు ఉపాధ్యాయుల సదస్సును ఏ గుంటూరులోనో విజయవాడలోనో కాకుండా పిడుగురాళ్లలో పెట్టినందుకు నిర్వాహకులను ముందుగా అభినందిస్తున్నాను. వ్యాపారం, ఇంధనం, పర్యావరణం - వీటికి సంబంధించిన ఇంగ్లిషు పదజాలాన్ని పిల్లలకు ఎలా నేర్పాలన్నది ఈ పూట మన విషయం. ఆ మూడూ కళ్లెదుట కనపడే ఊరిది. ముగ్గురాయి తవ్వుతారు, బట్టీలో కాలుస్తారు, సున్నం చేసి లారీలకెత్తుతారు. అటు దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. ఊరు దాటితే పత్తి, మిరప.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పదాలను జాబితా వేసి బట్టీ పట్టించడం దండగ. (బట్టీల ఊళ్లో నిలబడి ఈ మాట అంటున్నానని తెలుసు.) సస్టైనబిలిటీ, ఎఫిషియెన్సీ, ఎమిషన్స్ అంటూ వంద మాటలకు అర్థాలు రాయిస్తాం. పరీక్షలో పిల్లవాడికి మార్కులొస్తాయి. అదే పిల్లవాడి చేతిలో ఇంటి కరెంటు బిల్లు పెట్టి చదవమంటే కట్టాల్సిన మొత్తం, ఆఖరు తేదీ చూసి మడిచేస్తాడు. మధ్యలో ఉన్నదంతా ఇంగ్లిషేనని, ఆ డబ్బు ఎలా తేలిందో అక్కడే రాసి ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు.

కాటా దగ్గర మొదలుపెడదాం. సున్నం లారీ తూకానికి వస్తే ఇచ్చే చీటీలో మూడు అంకెలుంటాయి: గ్రాస్, టేర్, నెట్. సరుకుతో కలిపి బరువు, ఖాళీ బండి బరువు, రెండో దాన్ని తీసేస్తే మిగిలిన సరుకు బరువు. బడి మొహం చూడని డ్రైవరుకు కూడా ఈ మూడూ కంఠతా వచ్చు. టేర్ తప్పుపడితే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో అతనికి తెలుసు. ఆ చీటీని తరగతికి తెస్తే నెట్ ప్రాఫిట్ చెప్పడం తేలిక. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకున్నవాళ్ల నెట్ మీటరింగూ తేలికే. మనం గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు ఇంపోర్టు, గ్రిడ్‌కు పంపినవి ఎక్స్‌పోర్టు. పిల్లలకు ఆ రెండు మాటలు వినగానే ఓడలు గుర్తొస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తున్నారు కాబట్టి, ఆ మాటలు ఇక మన వీధుల్లోకీ వచ్చాయి. ఇంకొక మెట్టు ఎక్కితే నెట్ జీరో. 2021లో గ్లాస్గోలో మన దేశం 2070 నాటికి చేరతానన్న లక్ష్యం అది. వదిలిన వాయువులోంచి తిరిగి పీల్చుకున్నది తీసేస్తే సున్నా మిగలాలి. కాటా చీటీ చదవగలిగినవాడికి ఇది కొత్త లెక్క కాదు.

బట్టీ దగ్గర ఇంకా పెద్ద పాఠం ఉంది. మేలురకం ముగ్గురాయి 100 కిలోలు దాదాపు 900 డిగ్రీల వేడిలో పూర్తిగా కాలితే చేతికొచ్చే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తాయి. తరుగు ఎంతో బట్టీవాళ్లకు తెలుసు. అది ఎటుపోయిందో మన సైన్సు మాస్టారికి తెలుసు. దాన్ని ప్రాసెస్ ఎమిషన్ అంటారని ఇంగ్లిషు మాస్టారు చెప్పాలి. కాల్చడానికి వాడిన బొగ్గు పొగ వేరు, అది ఫ్యూయల్ ఎమిషన్. బొగ్గు మానేసి సోలార్ కరెంటుతో కాల్చినా రాయి లోపలి 44 కిలోలు తగ్గవు. సున్నం, సిమెంటు పరిశ్రమలకు ఉద్గారాలు తగ్గించుకోవడం మిగతావాటికన్నా ఎందుకు కష్టమో ఈ ఒక్క లెక్క చెబుతుంది. రెండు మాటలనూ పుస్తకంలోంచి చెబితే వారానికి మరిచిపోతారు. బట్టీ చూపించి చెబితే, వాళ్లే ఇంకొకరికి చెబుతారు.

ఇదంతా ఎక్కడో దూరపు సంగతి అనుకోవద్దు. యూరప్‌కు వెళ్లే సిమెంటు, ఇనుము, అల్యూమినియం వంటి సరుకుల మీద కార్బన్ లెక్కలు చూపాలన్న నిబంధన 2023 అక్టోబరు నుంచి ఉంది. 2026 జనవరి 1 నుంచి దానికి సుంకం కూడా తోడైంది. మన దగ్గర స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీలన్నిటి చేత ఏటా పర్యావరణ నివేదిక రాయిస్తోంది. ఆ కాగితాలు నింపే గుమాస్తా ఉద్యోగాలు మన పిల్లలవి కాకూడదా? ఇక మిరప ఎగుమతికి పురుగుమందు అవశేషాల గరిష్ఠ పరిమితి, ఎంఆర్ఎల్, దాటితే కంటెయినరు వెనక్కొస్తుంది. ఆ మూడక్షరాలు మిర్చి యార్డులో ఎగుమతిదారులకు తెలుసు. చేనులో మందు కొట్టే రైతుకు కదా ముందు తెలియాల్సింది.

అయితే నన్నడిగితే, మనవాళ్లను దెబ్బతీసేవి ఈ బరువైన నామవాచకాలు కావు. చిన్న చిన్న మాటలు. హైటెన్షన్ కరెంటు తీసుకునే మిల్లు బిల్లే చూడండి. ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండు గానీ, ఒప్పందపు డిమాండులో 80 శాతం గానీ, విచ్చెవర్ ఈజ్ హయ్యర్, దాని మీద డిమాండ్ చార్జీ వేస్తారు. వంద కేవీఏకు ఒప్పందం రాసుకున్న మిల్లు వానాకాలంలో 40 కూడా వాడకపోయినా 80కి కట్టాల్సిందే. కాంట్రాక్టెడ్ డిమాండ్ అంటే ఏమిటో యజమానికి తెలుసు. డబ్బు పోయింది విచ్చెవర్ ఈజ్ హయ్యర్ అన్న మూడు మాటల దగ్గర. సబ్జెక్ట్ టు, నాట్ ఎక్సీడింగ్, ఆన్ ఆర్ బిఫోర్, అన్‌లెస్ అదర్‌వైజ్ - ఏ పదకోశమూ వీటిని ఇంధన పదజాలం కింద చేర్చదు. ఒప్పందాలన్నీ వీటి మీదే తిరుగుతాయి. మనం వ్యాకరణం పీరియడ్‌లో వీటిని ఖాళీలు పూరించే ప్రశ్నలుగా ముగించేస్తున్నాం.

ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ పనికి దారి ఎప్పుడో చూపారు. ఆయన సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, రైతుల నోట విని కూర్చింది. మాట ఎక్కడ పుడుతుందో అక్కడికే వెళ్లి తెచ్చారు. మనం ఇంగ్లిషుకు ఆ పని చేయాలి. పిడుగురాళ్ల చుట్టుపక్కల బట్టీలో, జిన్నింగు మిల్లులో, కాటాలో, కోల్డు స్టోరేజీలో, కరెంటాఫీసులో నిత్యం తిరిగే ఇంగ్లిషు మాటలూ వాక్యాలూ ఏరితే, మన పాఠ్యాంశం అదే తయారవుతుంది. గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ అని సంచుల మీద అచ్చువేసే మాటలనూ ఏరండి. ఆధారం చూపకుండా అలా చెప్పుకోకూడదని 2024 అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆధారం అడగడం నేర్పడం కూడా భాషాబోధనే.

తెలుగులో చెబితే ఇంగ్లిషు రాదన్న భయం కొందరిలో ఇంకా ఉంది. నాకు లేదు. ప్రభుత్వమే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలు అచ్చువేసింది. తెలుగు పేజీ అర్థమైనవాడే ఇంగ్లిషు పేజీ ధైర్యంగా చదువుతాడు. అయితే రెండు పేజీలూ ఉన్నా ఒకదాన్నే తెరిచే బడులున్నాయి. ఆ సంగతి చర్చలో మీరే చెప్పండి.

మధ్యాహ్నం గోష్ఠికి కరెంటు బిల్లులు, కాటా చీటీలు, విత్తన సంచుల లేబుళ్లు తెమ్మని ఆహ్వానంలో కోరాం. తెచ్చినవారు పేరు, సర్వీసు నంబరు కొట్టేసి భోజనాల లోపు వేదిక దగ్గర ఇవ్వండి. ఒక్కో బల్లకు ఐదేసి కాగితాలు పంచుతాం. ఒక్కో దాని మీద ఎనిమిదో తరగతికి ఒక పాఠం రాయాలి. ఆ కాగితం వల్ల ఎవరికి ఎంత డబ్బు వస్తుందో, పోతుందో ముందు తెలుగులో రెండు వాక్యాలు రాసి, తర్వాతే ఇంగ్లిషు మొదలుపెట్టండి.