సైటు పని వేరు, కసరత్తు వేరు



ఆరోగ్యం గురించి మాట్లాడమని ఫోరం వాళ్లు అడిగితే, మేమేమీ డాక్టర్లం కాదు కదా అన్నాం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, ఇక్కడ టెక్సాస్‌లో కాంక్రీటు పనులు చూసుకునే వాళ్లం. "మీకేం జరిగిందో అదే చెప్పండి చాలు" అన్నారు. అందుకని మా గదిలో ఉండే నలుగురి సంగతి చెబుతాం. ముగ్గురం ముప్పైల్లో ఉన్నాం. నాలుగో ఆయన మాకు అన్న వరస. కరీంనగర్ వైపు మనిషి, ఇక్కడికి రాకముందు దుబాయ్‌లో పదేళ్లు షట్టరింగ్ పని చేశారు. పేరు చెప్పొద్దన్నారు, మిగతాదంతా చెప్పుకోండి అన్నారు.

రెండేళ్ల కిందట సైటుకు ఆరోగ్య పరీక్షల బండి ఒకటి వచ్చింది. వేలి మీద సూది గుచ్చి ఏ1సీ చూశారు. గత మూడు నెలల్లో ఒంట్లో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 మధ్య వస్తే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు. 6.5 గానీ అంతకు మించి గానీ వచ్చి, మళ్లీ చేసినా అలాగే ఉంటే ఇంట్లోకి వచ్చేసినట్టే. మా ముగ్గురికీ 5.9, 6.1, 6.3 వచ్చాయి. అన్న అసలు చెయ్యే చాపలేదు. "పొద్దున ఆరింటి నుంచి ఎండలో చెమటోడుస్తున్నం, మనకెందుకొస్తది షుగరు?" అన్నారు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా మేమూ అదే అనుకున్నాం.

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. డెన్మార్క్‌లో లక్ష మందికి పైగా పరిశీలించి 2021లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. ఖాళీ సమయంలో కసరత్తు చేసేవాళ్లకు గుండె జబ్బు ముప్పు తక్కువగా కనిపించింది. ఉద్యోగంలో ఒళ్లు హూనం చేసుకునేవాళ్లకు మాత్రం అది ఎక్కువగానే కనిపించింది. బరువులెత్తడం, గంటలకొద్దీ నిలబడటం, సరిగా విశ్రాంతి లేకపోవడం, ఇవన్నీ ఒంటికి అలుపే గానీ కసరత్తు కావు. ఇక సూపర్‌వైజర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చెమట పడుతుంది గానీ కాళ్లు కదలవు, పికప్ ట్రక్కు దిగితే ఫోను, ఫోను పెడితే పికప్ ట్రక్కు.

ఇంకొకటి. మనవాళ్లకు బొజ్జ పెద్దగా లేకపోయినా షుగర్ వస్తుంది. ఆసియా మూలాల వాళ్లను బీఎంఐ 23 దగ్గరి నుంచే పరీక్షించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో చెప్పింది. మిగతావాళ్లకు ఆ లెక్క 25. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి 23 అంటే దాదాపు 147 పౌండ్లు. మేము ముగ్గురం 180 దాటి ఉన్నాం, "కాస్త ఒళ్లు చేశాం" అనుకుంటూ.

ముందు ఒక జిమ్‌లో చేరాం. నెలనెలా కార్డులోంచి డబ్బు పోయేది, మేము మాత్రం నాలుగు సార్లు పోయాం. అక్కడి ట్రైనర్ రెండో రోజే ప్రోటీన్ పొడి డబ్బాలు అంటగట్టబోయాడు. ఈ దేశంలో పర్సనల్ ట్రైనర్ అని చెప్పుకోవడానికి ప్రభుత్వ లైసెన్సు ఏమీ అక్కర్లేదు. కాబట్టి ఏ సంస్థ సర్టిఫికెట్ ఉందో అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు.

తర్వాత దొరికిన ఆయన గంటకు 60 డాలర్లు అన్నారు. ముగ్గురం కలిసి వస్తామంటే తలా 20 పడింది, వారానికి ఒక్క రోజు, శనివారం. మొదటి రోజు బరువులు ముట్టుకోనివ్వలేదు. నడుముకు టేపు పెట్టి కొలిచారు. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవమన్నారు. ఇనుప కడ్డీలు మోసే మేము పన్నెండోసారికి ఆయాసపడ్డాం! పాత నడుం నొప్పి, మోకాలి నొప్పి అన్నీ రాసుకున్నారు. డాక్టరును అడిగి రమ్మన్నారు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి, కొన్ని మందులతో కసరత్తు చేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

రెండో వారం రైస్ కుక్కర్ కప్పు తెమ్మన్నారు. ఒక్కో కప్పుకు దాదాపు 150 గ్రాముల బియ్యం. రాత్రి ఒక్క పూటకు నలుగురికి ఆరు కప్పులు వేస్తామంటే ఆయన కప్పు వంక, మా వంక చూశారు. అన్నం మానమనలేదు. కంచంలో సగం కూర, పావు వంతు పప్పో కోడో, పావు వంతు అన్నం అన్నారు. ఆరు కప్పులు మూడయ్యాయి. సైటులో తాగే 20 ఔన్సుల కోకాకోలా సీసాలో 65 గ్రాముల చక్కెర ఉంటుందని సీసా మీదే రాసి ఉంది. ఇన్నేళ్లూ చదవలేదంతే. దాని బదులు నీళ్ల డబ్బా పెట్టుకున్నాం.

అసలు పనిచేసింది ఇవేవీ కావనిపిస్తుంది. రోజూ రాత్రి తొమ్మిదికి ఆయన ఫోనులో అడిగేవారు, ఏం తిన్నారు, ఎంత నడిచారు అని. ఇంటి దగ్గరైతే అమ్మో, ఇంటావిడో అడుగుతుంది. ఇక్కడ మనల్ని అడిగేవాళ్లెవరు? వీడియో కాల్‌లో "తిన్నా" అంటే సరిపోతుంది. ఈయనకు అబద్ధం చెబితే శనివారం టేపు చెప్పేసేది.

డబ్బు పెట్టలేనివాళ్లకు వేరే దారి ఉంది. 2002లో వెలువడిన ఇక్కడి ప్రభుత్వ పరిశోధనలో 3,234 మందిని చూశారు. కోచ్ సాయంతో బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిచినవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతం. దాన్నే సీడీసీ ఏడాది కార్యక్రమంగా నడిపిస్తోంది, చాలా ఊళ్లలో వైఎంసీఏలు కూడా పెడతాయి. కొన్ని ఇన్సూరెన్సులు ఖర్చు భరిస్తాయి.

అన్న మాతో రాలేదు. "రోజంతా కసరత్తే, మళ్లీ పైసలిచ్చి చేస్తరా?" అని నవ్వేవారు. ఆ ఆగస్టులో బూటు ఒరుసుకుని చిటికెన వేలికి పుండు పడింది. నొప్పి తెలియలేదు, అదే షుగర్ చేసే మోసం. పరీక్షకు పోతే పని పోతుందేమోనన్న భయం ఒకటి, బిల్లు భయం ఒకటి. మూడు వారాలు సాక్సు కింద దాచారు. గదిలో వాసన వచ్చి మేమే ఎమర్జెన్సీకి తీసుకుపోయాం. చక్కెర 400 దాటింది. వేలు తీసేశారు. ఆ బిల్లు ఇంకా వాయిదాల్లో కడుతూనే ఉన్నారు. ఒక్క గదిలో ఉంటూ మూడు వారాలు గమనించలేదే అన్న బాధ మాకూ ఉంది.

మా లెక్కలు కూడా చెప్పాలి కదా. ఏడాదికి ఒకరు 19 పౌండ్లు, ఒకరు 14, ఒకరు 9 తగ్గాం. 6.3 ఉన్నది 5.8 అయింది. 14 తగ్గినాయన చెల్లెలి పెళ్లికి ఊరెళ్లి రెండు నెలల్లో 11 పెంచుకుని వచ్చారు. ట్రైనర్ ఏమీ అనలేదు, టేపు తీశారు.

పుండు మానాక అన్న కూడా శనివారాలు వస్తున్నారు. తలా 15 పడుతోంది. దాన్ని ఆయన కసరత్తు అనరు, డ్యూటీ అంటారు. బయల్దేరే ముందు గదిలో అందరి కాళ్లూ ఆయనే తిప్పి చూస్తారు, అరికాళ్లతో సహా. రేపు శనివారం, పొద్దున ఆరింటికి డ్యూటీ ఉంది, ఇక సెలవు.