రాజీనామా కూడా పాఠమే: కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం



ఏలూరులో ‘సి.ఆర్.ఆర్. కాలేజీ’ అనని నోరు లేదు. తాడేపల్లిగూడెం వైపు నుంచి రైలెక్కి వచ్చే పిల్లలకూ, కొల్లేటి లంకల నుంచి వచ్చే పిల్లలకూ అది రోజువారీ మాట. 1945లో వెలిసిన ఆ కళాశాల పేరులోని మనిషి, రామలింగారెడ్డి గారు, మన జిల్లావారు కారు. 1880లో చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, బరోడాలోనూ మైసూరులోనూ పాఠాలు చెప్పారు.

రాజకీయాలతో విసిగి చదువుల వైపు మళ్లారని ఆయన గురించి చెబుతుంటారు. అందులో సగమే నిజం. మైసూరు కొలువు వదులుకుని జస్టిస్ పార్టీలో చేరారు. పార్టీ గద్దెనెక్కాక దాని పాలన తీరు ఆయనకు మింగుడుపడలేదు. బయటికొచ్చి, 1923 నవంబరులో మద్రాసు శాసనమండలిలో ఆ పార్టీకే చెందిన పానగల్లు రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. తీర్మానం వీగిపోయింది.

మూడేళ్లకు, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. మొదట బెజవాడలో నడిచిన ఆ సంస్థకు విశాఖ తీరాన వాల్తేరులో స్థిరమైన చోటు దొరికింది. అంతలో 1930 వచ్చింది. సత్యాగ్రహులపై ప్రభుత్వం లాఠీ ఎత్తింది. ఆ దమనకాండకు నిరసనగా రామలింగారెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. ఒక్క క్షణం ఆలోచించండి. విశ్వవిద్యాలయం అప్పటికి నాలుగేళ్ల పసిది. తాను చేతులారా పెంచుతున్న బిడ్డ. దాన్ని సాకుగా చూపించి మౌనంగా ఉండిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన ఉండలేదు. ఆయన చెప్పిన పాఠాలన్నిటిలో నాకు ఇదే పెద్దది. ఆయన స్థానంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. 1936లో రామలింగారెడ్డి గారు తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరుకు తరలిన రోజులూ ఆయన హయాంలోనివే.

1942లో అదే ప్రభుత్వమిచ్చిన ‘సర్’ బిరుదు పుచ్చుకున్నారేమని అడిగేవారున్నారు. అడగాల్సిందే. సర్కారు మన్ననను అందుకోవడమూ, సర్కారు తప్పు చేస్తే కుర్చీ దిగడమూ ఒకే మనిషిలో ఇమిడాయి. ఆయన్ను దేవుణ్ణి చేసి పూజిస్తే ఈ మనిషి మనకు దక్కరు.

రాజకీయాల్లోకి రాకముందే, 1914లో, ఆయన విమర్శ గ్రంథం ‘కవిత్వతత్త్వ విచారము’ వచ్చింది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ఎందుకు గొప్పదో అందులో వాదించి చూపారు. పెద్దలు మెచ్చారు గనక గొప్పదన్న మాటతో తృప్తిపడలేదు. ప్రబంధాల మీద ఆయన తీర్పులు ఎందరికో కోపం తెప్పించాయి. కొన్ని నాకూ కటువుగానే తోస్తాయి. కానీ ఆ పుస్తకం రాసిన మనిషీ, శాసనమండలిలో లేచి నిలబడిన మనిషీ వేరు కారు. ఎదుట ఉన్నది కావ్యమైనా మంత్రివర్గమైనా తూచి చూడందే ఒప్పుకోని స్వభావం ఆయనది. పార్టీ మీద ఆశ పోయినా, ఆ తూకం మాత్రం చేతిలోంచి జారలేదు.

విద్యార్థులకు ఒక విన్నపం. ఆయన మీ వయసులో రాసిన ‘ముసలమ్మ మరణము’ చదవండి. చెరువుకట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన కోడలి కథ అది. తమ్మిలేరు, బుడమేరు పొంగి, ఉప్పుటేరు ఆ నీటిని లాగలేకపోతే ఊళ్లు ఏమవుతాయో చూసిన కొల్లేటి పిల్లలకు ఆ భయం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చదివాక, ఊరి క్షేమానికి కోడలే ఎందుకు బలికావాలని తరగతిలో లేచి అడగండి. మాస్టార్లూ, ఆ రోజు పాఠం పూర్తికాకపోయినా సరే, ఆ ప్రశ్నను ఆపకండి.