రోడ్డు ప్రమాదములు – నష్టపరిహారపు లెక్క

(హోసూరు తెలుగువారి మాససమావేశమున ఒక వర్తకుడు చేసిన ప్రసంగము)



బడులలో తెలుగు తరగతులను గూర్చి మాట్లాడుదునని తలచి వచ్చినవారు కొందరుండవచ్చును. ఆ సంగతి మీకందరకు తెలిసినదే. నేడు రోడ్డును గూర్చి చెప్పెదను. నేను న్యాయవాదిని కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి కిరాణా వర్తకము చేసికొనుచున్నవాడను. చట్టములో నాకు తెలిసినదెల్లయు మనవారి కేసులకై కోర్టు వరండాలలో నిలిచి నేర్చుకొన్నదే.

మన ఊరిని ఒరసికొని 44వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. బాగలూరు, బేరికె, సూళగిరి ప్రాంతములనుండి టమాటాలు, పూలు, కూరగాయలు తెల్లవారకమునుపే బెంగుళూరు మార్కెట్టు చేరవలెను. నిద్రలేని డ్రైవరు, మితిమీరిన భారము, ముందు చేరినవానికి మంచి ధర – ఈ మూడును కలిసినచోట ప్రమాదము పుట్టక మానదు. 2022లో దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. వారిలో నూటికి నలుబదిమందికి పైగా ద్విచక్రవాహనములపై పోయినవారే. మన పిల్లలు హెల్మెట్టును తలకు గాక బండి అద్దమునకు తగిలించుచున్నారు. పోలీసువారు కనబడినప్పుడు మాత్రము అది తలకెక్కును! లైసెన్సు లేని పిల్లవానికి బండి ఇచ్చిన తండ్రికి 2019 సవరణ ప్రకారము మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జుల్మానా గలవు.

మనలో మరియొక అలవాటున్నది. పెండ్లి అనిన, జాతర అనిన, ముప్పదిమందిని సరుకుల బండిలో ఎక్కించెదము. బస్సుకన్న చవుక, నిజమే. కాని సరుకుల బండి ఇన్సూరెన్సు, సరుకు యజమానికిని అతని మనిషికిని తప్ప, ఊరక ఎక్కినవారికి వర్తింపదని 2002లోనే సుప్రీంకోర్టు తేల్చినది. బండి బోల్తాపడినచో కంపెనీ చేతులు దులుపుకొనును. బండి యజమానియే ఇచ్చుకోవలెను. ఆ ఒక్క బండి అప్పుమీద కొన్నవాడు ముప్పది కుటుంబములకు ఏమి ఇచ్చుకొనును? మేళతాళములకు వేలు వెచ్చించువారు బస్సు బాడుగ దగ్గర గీచి గీచి బేరమాడుట నాకు నచ్చని పని.

ఇక ప్రమాదము జరిగినదనుకొందము. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుటకు జంకవలదు. మంచి మనస్సుతో తోడ్పడినవానిపై వ్యాజ్యము లేకుండ మోటారు వాహనముల చట్టము 134ఎ సెక్షను రక్షించుచున్నది. పేరు చెప్పుమని బలవంతపెట్టుటకు కూడ వీలులేదు. 2025 మే నెలనుండి, ప్రమాదము జరిగిన ఏడు దినముల లోపు చికిత్సకు లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లింపు లేకుండ జరిపించు కేంద్రప్రభుత్వ పథకము కూడ గలదు. ఆసుపత్రిలో అడుగుడు, అడుగనివానికి చెప్పువారుండరు.

పోలీసు ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొన్న పిమ్మట దానిని మీకు చదివి వినిపింపవలెను, ఒక ప్రతి ఉచితముగ ఇయ్యవలెను. అది తమిళములోనో, అత్తిబెలె దాటినచో కన్నడములోనో యుండును. మన ముసలివారు అర్థము గాకయే వ్రేలిముద్ర వేయుచున్నారు. ఎడమప్రక్క వచ్చినవాడు కుడిప్రక్క వచ్చినట్లు వ్రాయబడినచో కేసు అక్కడనే సగము పోయినది. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, కష్టనివారణకై ఏ అధికారికైనను మన భాషలో అర్జీ పెట్టుకొను హక్కు మనకు గలదు. ఆ హక్కును మనము సన్మానసభలలో స్మరించుటయే గాని, ఠాణాలో వాడినది నేను చూడలేదు.

అత్తిబెలెలో ప్రమాదమైనను, కుప్పములో ప్రమాదమైనను, పరిహారపు అర్జీని మనము నివసించుచోటి ట్రిబ్యునలులోనే వేసికొనవచ్చును. 166వ సెక్షను ఆ వీలు కల్పించినది. రాష్ట్రపు ఎల్లలలో కాపురమున్న మనకు ఇది గొప్ప సదుపాయము. అయితే 2022 ఏప్రిల్ 1నుండి ఆరు నెలల గడువు వచ్చినది. దానిపై సుప్రీంకోర్టులో వాదములు నడచినమాట నిజమే. ఆ వాదములను నమ్ముకొని కాలము జరుపుట మాత్రము తగదు. ఢీకొట్టిన బండి ఏదో తెలియనప్పుడు కూడ, మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు లభించును.

ఇప్పుడు నాకు తెలిసిన విద్యలోనికి వచ్చెదను: లెక్క. ముప్పదియెనిమిదేండ్ల చిల్లర వర్తకుడు మరణించినాడు. నెలకు 15,000 సంపాదన. భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి అతనిపై ఆధారపడినవారు. ఏడాదికి 1,80,000. నలుబదేండ్లు నిండనివాడు గనుక భవిష్యత్తులో పెరుగుదలకై నూటికి 40 చేర్చిన 2,52,000. సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసిన 1,89,000. ఆ వయస్సునకు సుప్రీంకోర్టు నిర్ణయించిన గుణకము 15. మొత్తము 28,35,000. ఇతర పద్దులు దీనిపైన.

అదే మనిషికి చిట్టా లేదు, ఆవర్జా లేదు, బ్యాంకు పుస్తకము లేదు. ట్రిబ్యునలు ఊహించి నెలకు 8,000 వేసినదనుకొనుడు. అదే లెక్కకు వచ్చునది 15,12,000. పదమూడు లక్షలకు మించిన నష్టము, రోజుకు నాలుగు పంక్తులు వ్రాయనందువలన! వర్తకులు గల సంఘము మనది. పన్నునకు భయపడి పుస్తకము దాచుట మనకు పాతజబ్బు. ఆ పుస్తకమే వితంతువునకు సాక్షి. గృహిణి చేయు పనికిని విలువ కట్టవలెనని 2021లో కూడ సుప్రీంకోర్టు చెప్పియున్నది గనుక, ఇల్లాలు మరణించినప్పుడు “ఆమెకు సంపాదన లేదు” అని ఎవరును అర్జీ మానుకొనరాదు.

ఇట్టి లెక్క ఉండగా, కర్మలు ముగియకముందే ఎదుటిపక్షమువారు ఏబదివేలు చేతబట్టుకొని వచ్చెదరు. పెద్దమనుష్యులు నడుమ కూర్చొందురు. తెల్లకాగితముపై సంతకమగును. అట్టి పంచాయతులకు మన సంఘసభ్యులు పెద్దరికము వహింపరాదని నా ప్రార్థన. వచ్చిన పరిహారములో సగము నాకని ఒడంబడిక వ్రాయించుకొను దళారులు మరియొక తెగ. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవల సంస్థ ఉచితముగ వకీలును ఇచ్చును. 15100 అను నంబరునకు ఫోను చేసిన చాలును.

ప్రతి ఆదివారము ఉదయము పది గంటలనుండి సంఘ కార్యాలయములో తమిళ, కన్నడ పత్రములను చదివి తెలుగులో చెప్పుటకు ఇద్దరు యువకులు ఒప్పుకొన్నారు. ఫిర్యాదు ప్రతి, ఆసుపత్రి రసీదులు, లైసెన్సు, ఆధారు కార్డు తీసికొని రండు. సంతకము పెట్టకముందే రండు.