చార్టరు పాఠశాలల ద్వారమునొద్ద



మనము స్థిరపడిన ఈ అమెరికా దేశమున మన బిడ్డలు పలువురు చార్టరు పాఠశాలలలో చదువుచున్నారు. 1991లో మినెసోటా రాష్ట్రము తొలుత ఇందులకు శాసనము చేయగా, 1992లో సెయింట్ పాల్ నగరమున మొదటి పాఠశాల వెలసెను. వీనికి ద్రవ్యమిచ్చునది ప్రభుత్వము. నడపునది వేరొక పాలకవర్గము. పిల్లలయొద్ద జీతము పుచ్చుకొనరాదు. స్థానములకు మించి అర్జీలు వచ్చినచో చీట్లు వేసి ఎన్నుకొందురు. ఇంతకంటె న్యాయమేమి కావలయునని మీ రడుగవచ్చును. నేనును చిరకాల మట్లే తలంచితిని.

చీటి నిష్పక్షపాతియే. కాని కుండలో ఎవరి పేరు పడినదో వారికి మాత్రమే గదా! అంతకు ముందు జరుగు వడపోత యెవరి కంటను బడదు. 2016లో అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ వారి దక్షిణ కాలిఫోర్నియా శాఖయు, పబ్లిక్ అడ్వొకేట్స్ అను సంస్థయు ఆ రాష్ట్రపు చార్టరు పాఠశాలల నియమములను పరిశీలించి, 253 పాఠశాలలలో, అనగా నూటికి ఇరువదింటికి పైగా, బిడ్డలను తొలగించు నిబంధన లున్నవని ప్రకటించిరి. ఒకచో వెనుకటి మార్కులు చూపుమనిరి. ఒకచో బాలునిచే వ్యాసము వ్రాయించిరి. ఒకచో వలసపత్రముల సంగతి యడిగిరి. పత్రములు లేని బిడ్డకును ప్రభుత్వ పాఠశాలలో చదువు నిరాకరింపరాదని 1982లోనే సుప్రీంకోర్టు ప్లయ్లర్ వ్యాజ్యమున తీర్పు చెప్పియుండెను! మరికొన్నిచోట్ల తలిదండ్రులు ఏటికిన్ని గంటలు పాఠశాలకు ఊరక సేవ చేయవలయునట. దినమునకు రెండుచోట్ల పనిచేయు తల్లి ఈ గంటల నెక్కడినుండి తెచ్చును? 2017లో ఆ రాష్ట్రము చట్టము చేసి, ఈ సేవను ప్రవేశమునకు షరతుగా పెట్టరాదని నిషేధించెను. మంచిదే.

చట్టమునకు చిక్కని అడ్డులు వేరుగ నున్నవి. బస్సు నడపని పాఠశాల కారులేని యింటికి తలుపు మూసినట్లే. వైకల్యముగల బిడ్డ తల్లితో "మాయొద్ద తగిన వసతి లేదు, మరియొకటి చూచుకొనుడు" అని మృదువుగా పలుకుటయు కొన్నిచోట్ల గలదు.

నా సంగతి దాచను. నా కుమార్తెకు స్థానము దొరకిన యేట, మా వీధిలోనే యుండి మోటెలులో గదులు శుభ్రపరచు నొక తెలుగుతల్లి బిడ్డకు దొరకలేదు. ఆమె చీటి యోడిపోలేదు. ఆమె చీటియే పడలేదు. గడువు శీతకాలముననే ముగియునని ఆమె యెరుగదు. నే నెరుగుదును. ఆఫీసులో కూర్చుండి పది నిమిషములలో అర్జీ పంపితిని. ఆమెతో నొకమాట చెప్పవలెనని నాకు తోపనే లేదు.

కావున సభవారికి నా మనవి: ప్రతి నగరశాఖయందును ఇద్దరు సభ్యులు, గడువునకు ముందు రెండు శనివారములు గ్రంథాలయమున కూర్చుండి, మనవారని పెరవారని గిరి గీయక, వచ్చినవారి కెల్ల అర్జీలు పూర్తిచేసి పెట్టవలయును. మనలో పాఠశాలల పాలకవర్గములందున్న పెద్దలు తమ అర్జీపత్రమును వచ్చు సమావేశమునకు తెండు. అందరమును గూడి దానిని చదువుదము.